పచ్చిక మేసిన మేక ఎందుకు పాలిపోతుంది?

తొలకరి పడి నెలన్నర. బీళ్లన్నీ పచ్చబడ్డాయి. వేసవంతా ఎండుటాకులు ఏరుకుని, కంపలు కొరికి బతికిన మంద ఇప్పుడు కడుపారా మేస్తోంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒకటి రెండు మేకలు మందకు వెనకబడతాయి. వెంట్రుకల్లో నిగారింపు పోతుంది. పొద్దుగూకే వేళకు దవడ కింద మెత్తటి వాపు దిగుతుంది. తెల్లారేసరికి కాస్త తగ్గి, సాయంత్రానికి మళ్లీ తేలుతుంది. పారుడు లేదు, జ్వరం లేదు, దగ్గు లేదు. ఒక పొద్దున ఆ మేక లేవదు. మేత కరువులో నిలబడ్డ జీవం మేత దొరికాక ఎందుకు పోయిందో ఇంట్లో ఎవరికీ అంతుబట్టదు. దిష్టి అంటారు, కొత్త గడ్డి పడలేదంటారు.

జవాబు మేక కంట్లో ఉంది. కింది రెప్పను బొటనవేలితో కొద్దిగా దించి చూస్తే, ఎర్రగా ఉండాల్సిన లోపలి పొర తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. ఒంట్లో రక్తం లేదన్నమాట. పైకి గాయం లేదు, పేడలో నెత్తురు లేదు. మరి రక్తం ఎటు పోయింది?

మేకలు పెంచేవాళ్లకు మూలికా మందుల తయారీ నేర్పే శిక్షణ ఏదైనా మొదలు కావాల్సింది ఈ ప్రశ్న దగ్గరే. చాలాచోట్ల మాత్రం అది రోలు దగ్గర, ఆకుల కుప్ప దగ్గర మొదలవుతుంది. ఏ ఆకు ఎంత, ఏ గింజ ఎంత అని రాసుకుని ఇంటికి వెళతారు. జబ్బు ఎలా పుడుతుందో తెలియకుండా నేర్చుకున్న మందు అన్ని జబ్బులకూ అదే మందవుతుంది. దాని నష్టం మేకకూ పెంచేవాళ్లకూ మాత్రమే కాదు, మంచి మూలికా పరిజ్ఞానానికి కూడా.

నాలుగో పొట్టలో

మేక పొట్టకు నాలుగు గదులు. మొదటిది పెద్దది. మేసిందంతా అందులో నానుతుంది, కోటానుకోట్ల సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. చివరి గదిలో మన పొట్టలో లాగే ఆమ్లం ఊరుతుంది. ఆ నాలుగో గది గోడకు అతుక్కుని బతుకుతుంది హీమాంకస్ అనే నట్ట. రెండు మూడు సెంటీమీటర్ల పొడవు, దారమంత సన్నం. ఆడపురుగు ఒంట్లో రక్తం నిండిన ఎర్రటి పేగు, దాని చుట్టూ తెల్లటి అండాశయం మెలితిరిగి ఉంటాయి. అందుకే కోసి చూసినప్పుడు ఎరుపు తెలుపు చారలతో కనిపిస్తుంది.

ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం తాగుతుంది. వినడానికి అదేమంత కాదు. కానీ వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. పాతిక కిలోల మేక ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి రెండు లీటర్లకు లోపే. రక్తంతో పాటు అందులోని ప్రోటీన్లూ పోతాయి. రక్తనాళాల్లో నీటిని పట్టి ఉంచేవి ఆ ప్రోటీన్లే. అవి తగ్గినకొద్దీ నీరు బయటికి ఊరి, పగలంతా తల వంచి మేసే మేకకు దవడ కింద చేరుతుంది. రాత్రి తలెత్తి పడుకుంటే తగ్గుతుంది. సాయంత్రం వాపు, తెల్లవారి తగ్గుదల రహస్యం ఇదే.

ఇక వానకూ దీనికీ సంబంధం. ఆడనట్ట రోజుకు ఐదు వేల నుంచి పది వేల గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో నేలమీద పడతాయి. ఎండాకాలంలో ఎండి చస్తాయి. వేడీ తడీ రెండూ దొరికితే వారం రోజుల్లో పొదిగి, రెండుసార్లు కుబుసం విడిచే దశలు దాటి, మేకకు సోకగల పిల్లపురుగులవుతాయి. ఈ పిల్లపురుగు ఒక విచిత్రం. రెండో కుబుసాన్ని పూర్తిగా వదలదు, ఒంటిమీద తొడుగులా ఉంచుకుంటుంది. ఆ తొడుగు ఎండ నుంచి కాపాడుతుంది కానీ నోరు కూడా మూసేస్తుంది. ఏమీ తినలేదు. ఒంట్లో దాచుకున్న శక్తి అయిపోయేలోపు ఏదో ఒక మేక కడుపులోకి చేరాలి. మంచుతడి ఉన్న గడ్డిపోచల మీదికి పాకి కాచుకుంటుంది. ఎక్కువ ఎత్తుకు పాకలేదు. నేల నుంచి బెత్తెడు లోపలే అత్యధిక భాగం ఉంటాయి. తొలకరి పచ్చిక కూడా ఆ ఎత్తులోనే ఉంటుంది. మేక కడుపులోకి వెళ్లిన మూడు వారాల్లో అవి పెరిగి మళ్లీ గుడ్లు పెడతాయి. ఇలా ఒకటి రెండు చుట్లు తిరిగేసరికి నెలన్నర.

మేక నిజానికి గడ్డి జీవి కాదు. ముందు కాళ్లెత్తి కొమ్మలు అందుకుని ఆకులు మేసే జీవి. ఆకుల ఎత్తులో ఈ పురుగులు ఉండవు కాబట్టి, తరతరాలుగా గడ్డి మేసిన గొర్రెకున్నంత నిరోధకశక్తి మేక ఒంట్లో పెరగలేదు. తుప్పలూ పొదలూ ఉన్న బంజర్లు పోయి, మేక కూడా గొర్రెలా పొట్టి గడ్డి మీద పడ్డాక నట్టల బాధ ఎక్కువైంది.

మందు ఉండగా మూలిక ఎందుకు?

నట్టలకు మంచి మందులు ఉన్నాయి. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్, లెవామిసోల్, ఐవర్‌మెక్టిన్. అవి పనిచేసినప్పుడు చాలా బాగా పనిచేస్తాయి. చిక్కంతా ఆ 'పనిచేసినప్పుడు' దగ్గరే వచ్చింది. ఆల్బెండజోల్ కుటుంబంలో మొదటిదైన థయాబెండజోల్ 1961లో వచ్చింది. మూడేళ్లు తిరగకముందే దానికి లొంగని హీమాంకస్ కనబడింది.

ఎందుకంటే, కోట్ల పురుగుల్లో ఏ కొన్నింటికో పుట్టుకతోనే చిన్న తేడా ఉంటుంది. ఆల్బెండజోల్ వెళ్లి అతుక్కోవాల్సిన ప్రోటీన్ వాటిలో కొద్దిగా వేరుగా ఉంటుంది, మందు అతకదు. మందంతటికీ ఒకేరోజు మందు తాగిస్తే మామూలు పురుగులన్నీ చస్తాయి, ఈ కొన్నే మిగులుతాయి. తర్వాతి గుడ్లన్నీ వాటివే. మోతాదు తక్కువైతే ఈ ఎంపిక ఇంకా వేగంగా జరుగుతుంది. మేకల విషయంలో మోతాదు తక్కువ కావడం మామూలు. మేక కాలేయం ఈ మందుల్ని గొర్రె కంటే త్వరగా విరిచి పారేస్తుంది. గొర్రె లెక్కన కిలోకు ఇంత అని మేకకూ తాగిస్తే అది సగం మందే అయ్యే అవకాశం ఉంది. పైగా మేకను తూచేవాళ్లు తక్కువ, కంటితో చూసి అంచనా వేసేవాళ్లే ఎక్కువ.

కాబట్టి మూలికకు ఇక్కడ అసలు స్థానం ఆల్బెండజోల్‌ను తోసిపుచ్చడం కాదు. పురుగుల భారాన్ని తక్కువలో ఉంచి, రసాయన మందు తాగించాల్సిన సార్లు తగ్గించి, ఆ మందు పదును పోకుండా కాపాడటం. ఈ మాట శిక్షణల్లో గట్టిగా చెప్పాలని నా పట్టుదల. "ఇంగ్లీషు మందు విషం, ఆకుమందు అమృతం" అనే బోధ మేకల్ని చంపుతుంది.

---
కంటిరెప్ప చెప్పే లెక్క

1990లలో దక్షిణాఫ్రికా పశువైద్యులు గొర్రెల కంటిరెప్ప రంగుకు ఐదు మెట్ల చార్టు తయారుచేశారు. దాన్ని రూపొందించిన ఫాఫా మలాన్ పేరు మీదుగా అది 'ఫమాచా' అయింది. తర్వాత మేకల్లోనూ సరిచూశారు. ముదురు ఎరుపు 1, తెలుపు 5.

1, 2: మందు అక్కర్లేదు.
3: బలహీనమైన మేక, చూలుమేక, పిల్ల అయితే ఇవ్వాలి.
4, 5: వెంటనే నమ్మకమైన నట్టల మందు. ఇక్కడ మూలికతో కాలయాపన చేయకూడదు.

ఒక మందలో పురుగుల్లో సింహభాగాన్ని మోసేది నూటికి ఇరవై ముప్పై జీవాలే. వాటికి మాత్రమే మందు ఇస్తే, మిగతా వాటిలోని మామూలు పురుగులు బతికి, మందుకు లొంగనివాటితో జతకట్టి, వాటి సంఖ్యను పలచన చేస్తాయి. కంటిరెప్పను వెలుతురులో, నీడ పడకుండా చూడాలి. రక్తం తాగే పురుగులకే ఈ పరీక్ష వర్తిస్తుంది.
---

వగరు చేసే పని

కరక్కాయ ముక్క నోట్లో వేసుకుంటే నాలుక పట్టేసినట్టు అవుతుంది. తుమ్మ చిగురు, పచ్చి వక్క, జామ పిందె కూడా అంతే. ఆ వగరు టానిన్లది. అవి ప్రోటీన్లను పట్టుకుని గట్టి ముద్ద చేస్తాయి. నోట్లో మన లాలాజలంలోని జారుడు ప్రోటీన్లను పట్టేస్తాయి, అందుకే నోరు ఎండినట్టుంటుంది. పచ్చితోలును పదును చేయడానికి మన ఊళ్లలో తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వాడింది ఈ గుణం కోసమే. కుళ్లిపోయే తోలులోని ప్రోటీన్ టానిన్‌తో కలిసి కుళ్లని తోలవుతుంది.

ఇదే పని నట్ట మీద ఎలా జరుగుతుంది? ముందే చెప్పుకున్న తొడుగు గుర్తుందా? మేక పెద్దపొట్టలోకి చేరాక పిల్లపురుగు ఆ తొడుగును విడిచి, నోరు తెరిచి, నాలుగో పొట్ట గోడను పట్టుకోవాలి. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో హెర్వే ఓస్త్ బృందం చేసిన ప్రయోగాల్లో, టానిన్లు ఎక్కువున్న మొక్కల సారం తగిలినప్పుడు ఆ తొడుగు ఊడటం ఆలస్యమైంది, కొన్నిసార్లు ఆగింది. గాజుపాత్రలోనే కాదు, గొర్రె కడుపులోనూ ఆ ఆలస్యం కనిపించింది. తొడుగు వేళకు ఊడకపోతే పురుగు గోడను పట్టుకునే అదను దాటిపోతుంది, పేడతో పాటు బయటికి పోతుంది.

టానిన్లకు రెండో మేలు కూడా ఉంది. నాకు మరీ ఇష్టమైనది ఇదే. పెద్దపొట్టలో ఆమ్లం తక్కువ. అక్కడ టానిన్ మేతలోని ప్రోటీన్‌ను పట్టుకుని, సూక్ష్మజీవులు దాన్ని విరిచేయకుండా అడ్డుపడుతుంది. నాలుగో పొట్టలో ఆమ్లం తగలగానే ఆ పట్టు సడలుతుంది. ప్రోటీన్ విడుదలై నేరుగా మేకకే అందుతుంది. నట్టలు రోజూ కాజేస్తున్న ప్రోటీన్‌ను పూడ్చుకోవడానికీ, వాటితో పోరాడే కణాలను తయారు చేసుకోవడానికీ అది ఒంటికి అక్కరకొస్తుంది.

అమెరికాలోని యూటాలో గొర్రెపిల్లలపై చేసిన పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది. నట్టలున్న పిల్లలు లేనివాటికంటే టానిన్ కలిపిన మేతను కొంత ఎక్కువగా తిన్నాయి. భారం తగ్గాక ఆ తేడా తగ్గింది. మేకను కట్టేసి ఒకే రకం మేత వేస్తే ఆ ఎంపిక అవకాశం దానికి ఉండదు. అందుకే నా లెక్కలో మేకకు మొదటి మూలికా మందు నూరి పోసేది కాదు. తుమ్మ, చండ్ర, జమ్మి, రేగు మండలు నరికి మేక తలెత్తి అందుకునే ఎత్తులో వేలాడదీయడం. వగరుకు వగరు, నేలమీది పురుగు బెడదా లేదు. ఖర్చు ఒక కత్తి, ఒక తాడు. దీనికీ హద్దుంది. మేతలో టానిన్లు నూటికి ఐదారు పాళ్లు దాటితే ఆకలి తగ్గుతుంది, మేత ఒంటపట్టదు. వగరు మండలు మేతలో కొంత భాగంగా ఉండాలి, మేతంతా అవే కాకూడదు.

మోదుగ గెలిచింది, వేప తడబడింది

నట్టలకు మన పల్లెల్లో పేరున్న మందు మోదుగ గింజలు. వాటిలో పలాసోనిన్ అనే పదార్థం పురుగుల మీద పనిచేస్తుంది. పాకిస్థాన్‌లోని ఫైసలాబాద్ పరిశోధకులు గొర్రెలకు మోదుగ గింజల పొడి ఇచ్చి, పేడలో గుడ్లను లెక్కపెట్టారు. ఎక్కువ మోతాదులో గుడ్ల సంఖ్య నాలుగింట మూడు వంతుల దాకా తగ్గింది. పోలికకు ఇచ్చిన లెవామిసోల్ దాదాపు అన్నింటినీ తగ్గించింది. తెల్లగా పాలిపోయిన మేకను నిలబెట్టడానికి ఇది చాలదు. ఎర్రగా ఉన్న మందను ఎర్రగానే ఉంచడానికి అక్కరకొస్తుంది. ఈ పలాసోనిన్ మోతాదు మించితే మేకకూ హానే. గింజలు గుప్పెటతో కొలవడం, తక్కెడతో తూచడం ఒకటి కాకపోవడానికి కారణం అదే.

వేప సంగతి వేరు. గాజుపాత్రలో వేపసారం పురుగు గుడ్లను, పిల్లలను బాగానే అడ్డుకుంటుంది. తీరా బ్రెజిల్‌లో గొర్రెలకు ఎండిన వేపాకు తినిపించి చూస్తే గుడ్ల సంఖ్య తగ్గలేదు. మధ్యలో పెద్దపొట్ట ఉంది మరి. లీటర్ల కొద్దీ ద్రవంలో మందు పలచబడుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని విరిచేస్తాయి. నాలుగో గదికి చేరేది ఎంతో చెప్పలేం. వేపను తప్పుపట్టాల్సిన పని లేదు. చర్మం మీద ఈగలను, పురుగులను దూరంగా ఉంచడంలో వేపనూనెకు మంచి పేరుంది. కడుపులోని నట్టకు, ఎండిన ఆకు రూపంలో, దాన్ని నమ్ముకోలేం. శిక్షణ ఇచ్చేవాళ్లు ఈ తేడా చెప్పడానికి వెనకాడకూడదు. వేప అంటే మనకున్న ప్రేమ వేరు, పేడలో గుడ్ల లెక్క వేరు.

బొప్పాయి పాలదీ ఆసక్తికరమైన కథే. అందులోని ఎంజైములు మాంసాన్ని మెత్తబరిచేవి. నట్ట ఒంటిమీది గట్టి పొర కూడా ప్రోటీనే కాబట్టి దాన్నీ తినేస్తాయి. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు దీన్ని ఏళ్ల తరబడి పరీక్షించారు. ఒక్క షరతు ఉంది. ఎంజైము వేడికి చచ్చిపోతుంది. బొప్పాయి పాలను మరిగించి కషాయం కాచితే అందులో మందు మిగలదు.

కాచాలా, నూరాలా, నానబెట్టాలా?

ఈ ప్రశ్న చిన్నది కాదని 2015 నోబెల్ బహుమతి చెబుతుంది. ఆ ఏడాది వైద్య బహుమతిలో సగం చైనా శాస్త్రవేత్త తు యూయూకు వచ్చింది. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్‌ను ఆమె ఒక రకం మాచిపత్రి నుంచి వేరుచేసింది. మొదట్లో సారం ఒకసారి పనిచేసేది, ఒకసారి పనిచేసేది కాదు. నాలుగో శతాబ్దపు ఒక చైనా వైద్యగ్రంథంలో ఆ ఆకును చన్నీళ్లలో నానబెట్టి పిండి తాగమని ఉండటం ఆమె కంటపడింది. వేడి మందును చెడగొడుతోందేమో అనుకుని, తక్కువ వేడిలో ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసింది. అప్పుడది నిలకడగా పనిచేసింది. మిగతా సగం బహుమతి ఐవర్‌మెక్టిన్‌కు దారితీసిన పనికి, అంటే మన మేకల నట్టల మందుకు. మొక్క నుంచి వచ్చిన మందూ, మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చిన మందూ ఒకే వేదిక మీద నిలబడ్డాయి.

మేకల మందులోనూ అంతే. టానిన్లు వేడినీటిలో బాగా దిగుతాయి. దానిమ్మ తొక్కను, తుమ్మ చెక్కను కాచవచ్చు. వాములో ఘాటైన వాసనే మందు. మూత లేకుండా మరిగిస్తే అది ఇల్లంతా నిండుతుంది, గిన్నెలో మిగలదు. దాన్ని దంచి గోరువెచ్చని నీళ్లలో కలపాలి. పసుపులోని కర్క్యుమిన్ మామూలు నీళ్లలో దాదాపు కరగదు.

కర్క్యుమిన్ కరగని ఈ చిక్కును పల్లె వైద్యం ఎప్పుడో పరిష్కరించింది. పొదుగువాపుకు తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయంలో ఆచార్య పుణ్యమూర్తి సంప్రదాయ వైద్యాన్ని పరిశీలించి స్థిరపరచిన ఒక లేపనాన్ని జాతీయ పాడి అభివృద్ధి మండలి దేశమంతా ప్రచారం చేస్తోంది. ఆవుకైతే కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, తాంబూలపు సున్నం 15 గ్రాములు. కలిపి నూరగానే పారాణి రంగు వస్తుంది. ఆ ఎరుపే గుర్తు. సున్నంలోని క్షారం వల్ల కర్క్యుమిన్ రూపం మారి నీటిలో కరుగుతోందన్నమాట. అదే క్షారం కర్క్యుమిన్‌ను త్వరగా విరిచేస్తుంది కూడా. కాబట్టి ఈ లేపనం నిలవ ఉండదు. ఏరోజుకారోజు నూరుకోవాలి, పాలు పూర్తిగా పిండేసి, పొదుగు కడిగి, రోజుకు పదిసార్ల దాకా పలచగా పూయాలి. మేక పొదుగు చిన్నది కాబట్టి ఆ పాళ్లలోనే కొద్దిగా నూరుకుంటే సరిపోతుంది. పొదుగు చల్లబడి నల్లగానో నీలంగానో మారితే మాత్రం లేపనం దగ్గర ఆగకుండా డాక్టరును పిలవాలి.

పొంగిన కడుపుకు నూనె

తడి లేత గడ్డి, పిల్లిపెసర లాంటి పప్పుజాతి మేత ఎక్కువ తిన్న మేకకు ఎడమ డొక్క ఉబ్బి, ఊపిరి ఆడక కొట్టుకుంటుంది. మామూలుగా పెద్దపొట్టలో పుట్టే గాలిని మేక త్రేన్పులతో వదిలేస్తుంది. ఇలాంటి మేతలో ఉండే ప్రోటీన్ల వల్ల గాలి పెద్ద బుడగగా చేరక సన్నటి నురగగా చిక్కుకుంటుంది. నురగను త్రేన్చలేదు. ఇక్కడ వంటింటి నూనె నిజమైన మందు. అన్నం ఎసరు పొంగిపోతుంటే రెండు చుక్కల నూనె వేస్తే నురగ ఎలా అణుగుతుందో కడుపులోనూ అలాగే బుడగల పొరలు చిట్లి గాలి ఒకచోట చేరుతుంది. పెద్ద మేకకు వంద మిల్లీలీటర్ల వేరుశనగ నూనె మెల్లగా తాగించి, ముందుకాళ్లు ఎత్తులో ఉండేలా నిలబెట్టి, డొక్క మర్దన చేయాలి. వాము, ఇంగువ కలపడం మన అలవాటు, అందులో తప్పు లేదు.

పెళ్లింట్లో పారేసిన అన్నం, ఆరబోసిన జొన్నలు తిని ఉబ్బితే అది వేరే జబ్బు. పిండిపదార్థం పులిసి కడుపులో ఆమ్లం పెరుగుతుంది. అక్కడ నూనె పనిచేయదు, వంటసోడా నీళ్లు కావాలి, మేక తూలుతుంటే సెలైన్ కూడా. ఎదుగుదల లేని లేత జొన్న మేసి నిమిషాల్లో పడిపోతే అది నాము. అది సైనైడ్ విషం, పశువైద్యుడి చేతి ఇంజెక్షనే దిక్కు. మూడింటిలోనూ చూసేవాళ్లకు మేక కష్టం ఒకేలా కనిపిస్తుంది. ఏం తిన్నదో అడగడమే రోగనిర్ధారణ.

---
మందు పట్టే పద్ధతి

మేక తలను పైకెత్తి గొట్టంతో గబగబా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండు మూడు రోజుల్లో నిమోనియా. అప్పుడు మందు పనిచేయలేదంటారు, చంపింది పోసిన తీరు.

తల నేలకు సమాంతరంగా, కొద్దిగా మాత్రమే ఎత్తాలి. నోటి పక్కన పళ్లు లేని సందులోంచి, కొంచెం కొంచెంగా, మింగనిస్తూ పోయాలి. దగ్గితే ఆపి తల దించాలి. పడుకుని తలెత్తలేని మేకకు నోటి మందు పోయకూడదు. నూనెతో ఈ జాగ్రత్త రెట్టింపు.

పేలకు వాడే సీతాఫలం గింజల పొడి పేల కణాల్లో శక్తి తయారయ్యే చోటునే ఆపేస్తుంది. అది కంట్లో పడితే మనిషికైనా మేకకైనా కంటిపాప పొర దెబ్బతింటుంది. కళ్లు, మూతి తప్పించి రాయాలి, చేతులు కడుక్కోవాలి, పిల్లలకు దూరంగా నూరాలి.
---

మూలిక ఆగిపోయే చోటు

పారుడు రోగం, అంటే పీపీఆర్, వైరస్ వల్ల వస్తుంది. జ్వరం, కళ్లూ ముక్కూ కారడం, నోట్లో పుండ్లు, తర్వాత పారుడు. మనదేశంలో దీన్ని మొదట గుర్తించింది 1987లో, తమిళనాడులో. దీన్ని నయం చేసే ఆకు లేదు. దానిమ్మ తొక్క కషాయం, ఉప్పు-చక్కెర నీళ్లు మేక ఒంట్లో నీరు తగ్గకుండా సాయపడతాయి, అంతే. కానీ దీనికి అద్భుతమైన టీకా ఉంది. భారత పశువైద్య పరిశోధనా సంస్థ తయారు చేసిన ఆ టీకా ఒక్క మోతాదుతో మూడేళ్లకు తగ్గకుండా కాపు ఇస్తుంది. పశుజాతిలో ముసర వ్యాధిని 2011లో ప్రపంచమంతటా రూపుమాపినట్టే 2030 నాటికి పీపీఆర్‌ను రూపుమాపాలని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టుకున్నాయి. తొలకరికి ముందు వేయాల్సిన చిటుకు రోగం టీకా కూడా ఇలాంటిదే. ఆ రోగంలో బాక్టీరియా విషం గంటల్లో చంపుతుంది, మందు నూరే వ్యవధి ఉండదు.

కాబట్టి శిక్షణ పొందిన వ్యక్తి చేతిలో మూడు జాబితాలు ఉండాలి: ఇంట్లో చేసుకోగలిగినవి, మందుల షాపు నుంచి తెచ్చుకోవాల్సినవి, డాక్టరుకు ఫోన్ చేయాల్సినవి. మూడోది గోడకు అంటించి ఉండాలి.

ఎవరికి నేర్పాలి, ఎలా నేర్పాలి

2019 పశుగణన ప్రకారం దేశంలో మేకలు దాదాపు 14.9 కోట్లు. ఎక్కువ భాగం నాలుగైదు మేకలున్న ఇళ్లవి. మేపేది పిల్లలు, ముసలివాళ్లు. దొడ్డి ఊడ్చేది, చూలు మేకను కనిపెట్టేది, పిల్లకు పాలు పట్టేది ఆడవాళ్లు. పెంటిక మెత్తబడిందని మొదట గమనించేది కూడా వాళ్లే. ఈ సంగతిని గుర్తించి మహిళా పశువైద్యులు నెలకొల్పిన 'ఆంత్ర' సంస్థ 1990లలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర పల్లెల్లో పశువుల మొక్కల వైద్యాన్ని నమోదు చేసి, పల్లె ఆడవాళ్లను పశు ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దింది. సాగరి రామదాస్, నిత్య ఘోట్గే లాంటివాళ్లు చేసిన ఆ పనికి మన తెలుగు పత్రికల్లో దక్కాల్సినంత చోటు దక్కలేదు. బిహార్‌లోని ముజఫర్‌పుర్ ప్రాంతంలో 2016లో ఆగాఖాన్ గ్రామీణ సంస్థ మొదలుపెట్టిన 'మేషా' ప్రాజెక్టు ఆడవాళ్లను పశు సఖులుగా తయారు చేసింది. వాళ్లు ఇంటింటికీ తిరిగి నట్టల మందు, టీకాలు, మేత సలహాలు కొద్దిపాటి రుసుముకు అందిస్తారు. 2022లో కేంద్రం 'ఎ-హెల్ప్' పేరుతో పశు సఖులకు అధికారిక గుర్తింపు ఇచ్చింది.

రుసుము సంగతి చిన్నదిగా తీసిపారేయకూడదు. "చుట్టాలమే కదా, ఆకులే కదా" అని ఉచితంగా చేయించుకుంటే ఏడాదిలో ఆ మనిషి పని మానేస్తుంది. గింజలు ఏరి, ఎండబెట్టి, దంచి, తూచి, మూడిళ్లు తిరిగిన శ్రమకు ధర ఉండాలి.

శిక్షణలో మందు నూరడం మధ్యలో వస్తుంది. కష్టమైనది ముందు, తర్వాత ఉండే పని. మేకను స్ప్రింగు తక్కెడకు వేలాడదీసి, గుండె దగ్గర టేపు చుట్టి, చూపుతో వేసిన అంచనా ఎన్ని కిలోలు తప్పిందో తెలుసుకోవాలి. పది మేకల కంటిరెప్పలు చూసి మార్కులు వేసి, పక్కవాళ్ల మార్కులతో పోల్చుకోవాలి. మొక్కను పువ్వుతో, ఆకుతో, వాసనతో గుర్తించాలి. గన్నేరు ఆకులు కొన్ని పొరపాటున కలిసినా మేక గుండె ఆగుతుంది. ఏ నెలలో కోసిన ఆకు, ఎన్నాళ్లు నీడన ఆరింది, ఎంత పొడి అయిందో చీటీ రాసి డబ్బా మీద అంటించాలి. లేత ఆకుకూ ముదురాకుకూ, వానాకాలపు చెక్కకూ వేసవి చెక్కకూ బలం ఒకటి కాదు.

అన్నింటికన్నా ముఖ్యమైనది పేడ పరీక్ష. మందు ఇచ్చే రోజు తాజా పెంటికలు, మళ్లీ పది పద్నాలుగు రోజుల తర్వాత అదే మేకవి, ప్రయోగశాలకు పంపి గుడ్లు లెక్కపెట్టించాలి. గళ్లు గీసిన ఒక గాజు పలక, ఉప్పునీళ్లు, సూక్ష్మదర్శిని ఉంటే చాలు. ఉప్పునీళ్లలో గుడ్లు పైకి తేలతాయి, గడిలో ఎన్ని ఉన్నాయో లెక్కించవచ్చు. ఈ పలకను ఆస్ట్రేలియాలోని మెక్‌మాస్టర్ ప్రయోగశాలలో 1939లో రూపొందించారు. ఎనభై ఏళ్లు దాటినా ఇంతకన్నా చవకైన న్యాయనిర్ణేత లేదు. మన నాయనమ్మల యోగాలనూ, కంపెనీ సీసాలనూ ఒకే గడిలో నిలబెట్టి చూస్తుంది.

మండలానికో పశువైద్యశాల ఉంది. ప్రతి పశువైద్యశాలలో ఒక సూక్ష్మదర్శిని, ఆ గాజు పలక, వారానికి ఒక పూట లెక్కపెట్టే మనిషి ఉంటే, మోదుగ గింజల పొడి తాగిన మేకల పేడ పొట్లాలు పశు సఖులు అక్కడికే తెస్తారు. గుడ్లు తగ్గిన యోగం పక్క ఊరికి వెళుతుంది. తగ్గనిది, ఎంత పాతదైనా, పుస్తకంలో కొట్టివేత గీత కిందికి వెళుతుంది. అలా మూడు వానాకాలాలు నడిపితే, ఏ నేలలో ఏ నెలలో ఏ మొక్క ఏ మోతాదులో పనిచేస్తుందో చెప్పే తెలుగు పట్టిక మొదటిసారి మన చేతికి వస్తుంది. దానికి కావాల్సిన డబ్బు ఒక్కో మండలానికి నాలుగు మేకల ధర మించదు.